వందకి ఎంత

బ్రోషరులో వంద కిలోమీటర్లకి పదకొండు లీటర్లు.
సుల్తాన్‌కుల్ నోటుబుక్కులో పంతొమ్మిదిన్నర.
"కంపెనీవాళ్ళు తప్పు రాస్తారా?" వెనకసీట్లోంచి యజమాని.
"వాళ్ళ లెక్కలో కనుమ లేదండీ," అన్నాడు
గేరు దించుతూ.

తో-అషూ ఎక్కుతుంటే గాలి పలచబడింది.
ఎనిమిది సిలిండర్లూ ఆయాసపడ్డాయి,
పెళ్ళిభోజనం చేసి మెట్లెక్కే మేనమామలా.
మూడువందల అశ్వశక్తి అన్నారు గదా,
అందులో కుంటివెన్నో ఎవరు చూశారు?
అయినా బండిని ఒక్కమాట అననివ్వడు.
తిండికి తిమ్మరాజే, పనికి పోతరాజు మాత్రం కాదు:
మొన్న జనవరిలో మంచులో కూరుకున్న లారీని
ఒక్క ఊపిరిన లాగి పడేసింది.

సొరంగం దాటాక దిగుడు.
పెడలు మీంచి కాలు తీసేశాడు.
ముల్లు సున్నా మీద వాలింది.
ఆ పన్నెండు కిలోమీటర్లూ ఇంజనుకి ఉపవాసం.

సుసామిర్‌లో బురుల్‌కాన్ గుడారం ముందు ఆపాడు.
ఆడగుర్రాన్ని పితుకుతోందామె, వంచిన మోకాలి మీద బక్కెట్టు.
కుమిస్ గిన్నె అందిస్తూ
బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.
"ఎంత తింటుంది?"
చెప్పాడు.
"పాలిస్తుందా?"

యజమాని పొలమారేలా నవ్వాడు.
సుల్తాన్‌కుల్ నవ్వలేదు.
ఆ రాత్రి నోటుబుక్కులో
లీటర్ల గడి పక్కన ఇంకో గడి గీసి
పాలు: లేవు
అని రాసుకున్నాడు.