ఒత్తు

పని ఒప్పజెప్పిన రోజే జయచంద్రనాయుడు చెప్పేశాడు:
వీణ ఉండాల, తామర ఉండాల,
వెనకాల గోపురం లీలగా కనపడాల,
ఓ మూలన తోతాపురి మామిడికాయ.
గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లదే సగం ఖర్చు, మర్చిపోవద్దమ్మా.

నాదస్వరం పండగకు వీణ ఎందుకని
నేను అడగలేదు.
అడ్వాన్సు ఇంకా చేతికి రాలేదు.

చిత్తూరు మిట్టూరులో జెరాక్సు కొట్టు పైన నా గది.
పద్దెనిమిది లోగోలు గీశాను.
తామరను గంట చేశాను, గంటను తామర చేశాను.
కాషాయం, పసుపు, మళ్లీ కాషాయం.
అన్నీ పెళ్లిపత్రికలే అయి కూర్చున్నాయి.

రాత్రి పదకొండుకు రాయవేలూరు నుంచి
సైటు కట్టే తమిళరసి తెర పంపింది.
పైన ఇంతింత అక్షరాలతో పండగ పేరు:
నాదసరం.

ఒత్తు పోయింది, అన్నాను ఫోన్లో.
ఏది పోయింది, అంది. తనకు తెలుగు చదవడం రాదు.
అక్షరం కింద వేలాడుతుంది చూడు, చిన్న కొక్కెం.
అదా? పువ్వు పని అనుకున్నా అక్కా.
ఇంగ్లీషు ఎత్తుకు పెట్టె కట్టినా, కిందది తెగిపోయుంటుంది.

పేర్ల జాబితా వచ్చింది.
నాదస్వరం ఫలానా, డోలు ఫలానా,
చివర ఎప్పటిలాగే 'మరియు బృందం'.
ఆ బృందాన్ని ఫొటో తీసుకుందామని
పెనుమూరు బస్సెక్కాను.

రేకుల వసారాలో గుర్రప్ప, వక్కాకు నములుతూ.
నువ్వేం వాయిస్తావు తాతా?
ఏమీ వాయించన్లేమ్మా. ఒత్తు.

వేళ్లకు పని లేని పొడుగాటి కొయ్య.
ఒకటే స్వరం, నలభై రెండేళ్లు.
పెద్దాయన రాగం పట్టుకోని యాడికి పోయినా
తిరిగొచ్చేదానికి ఇల్లుండాల గదా,
నేను తలుపు తీసి పట్టుకోనుంటి.
ఇప్పుడు కరెంటు డబ్బా వచ్చిందిలే.
దానికి టీ కూడా పొయ్యక్కర్లా.

అడిగితే ఊదాడు.
బుగ్గలో గాలి దాచి, ముక్కుతో పీలుస్తూ.
మొదటి నిమిషం విసుగేసింది, దాచడమెందుకు.
తర్వాతెప్పుడో
చెరుకుతోటలో మోటారు, గొంతు కీచుగా మేకపిల్ల,
పక్కింట్లో కిందపెట్టిన చెంబు
అన్నీ ఆ గీత మీదికొచ్చి కుదురుకున్నాయి.
ఆయన ఆపాడు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
కాలు వేసినట్టయింది.

ఏం పండగమ్మా అది?
నాదస్వరం పండగ తాతా.
నాదసరమా! మంచిది, మంచిది.

ఆయన నోట్లోనూ ఒత్తు లేదు.
నేను నవ్వాను. ఎందుకో తెలియకుండానే ఆయనా నవ్వాడు,
ఎర్రగా.

ఆ ఎరుపే తెచ్చుకున్నాను.
పెదవి చివర ఆరిపోయిన వక్కాకు ఎరుపు.
లోగోలో ఒకటే 'స', నల్లగా, చిన్నగా.
దాని కింద దానికంటే పెద్దగా
'వ' ఒత్తు.

నాయుడు కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.
కిందది లావైపోయిందే, తప్పు పడిందా?
లేదు సార్.
మరి మామిడికాయ యాడ?
ఫోను పక్కకు తిప్పాను.
చూడండి, ముక్కు తిరిగిన తోతాపురే.
ఆ సాయంత్రమే అడ్వాన్సు పడింది.

'మరియు బృందం' తీసేశాను.
పదకొండు పేర్లొచ్చాయి.
గుర్రప్ప ఇంటిపేరు అడగడం మరిచాను,
మళ్లీ బస్సెక్కాలి.

సైట్లో ఒకే ఒక్క మీట. అందరూ 'నొక్కండి' అంటారు,
నేను 'ఒత్తు' అని రాశాను.
ఒత్తితే ఒకటే స్వరం, మూసేదాకా.
మొదటి రోజే నలుగురు ఫోన్ చేశారు,
పాట మొదలు కావడం లేదు, చెడిపోయిందా అని.

తమిళరసి రాత్రి మళ్లీ పిలిచింది.
అక్కా, ఒత్తు తెగకుండా పెట్టె పెంచినా.
ఇప్పుడు ప్రతి వరుస కింద చోటు మిగిలిపోతా ఉంది.
తగ్గించేదా?

ఉండనీ, అన్నాను.
అక్కడ ఒకాయన కూర్చోవాల.