చుక్క పెట్టిన రూపం

రాత్రి తార్నాక గదిలో కరెంటు పోయినా
క్రియాపదం వదల్లేదు.
రోము పక్క ఊళ్లో దొరికిన పాత బంగారు పిన్ను,
వీపున నాలుగే మాటలు:
మానియోస్ నన్ను నుమాసియోస్‌కి చేశాడు.

చేశాడు అంటే ఫెఫాకెద్,
తొలి అక్షరం నత్తిగా రెండుసార్లు.
ఆ ఫ ఒకప్పుడు ధ.
మన విధిలో, నిధిలో ఉన్నదే,
ఉంచడమనే అర్థంతో.
ఇంకా వెనక్కెళితే చెవికి దొరకదు,
ముందొక చుక్క పెట్టి
ఊహిస్తాం.

తెల్లారి ఘాన్సీ బజార్లో
అమ్మ గొలుసు కొక్కెం అతికిస్తున్న
సంగోజు లక్ష్మీరాజాన్ని అడిగాను,
నీ పేరు చెక్కవేం?
ఊదుగొట్టం దించాడు.
“పేరెందుకు సార్,
తెగితే నా తానకే గద తెస్తరు.”

పట్టికలో ‘నేను చేశాను’ గడి ఖాళీ.
మసిబారిన అతని బొటనవేలు తలచుకుని
అక్కడో చుక్క పెట్టాను.