ఏడో నంబరు గది

కిటికీ రెక్క ఊడిన ఏడో నంబరు గదిలో
విరిగిన బెంచీల మీద మూడు ప్లాస్టిక్ ట్రేలు,
కొబ్బరిపొట్టు, గుప్పెడు మెంతులు,
పైన గులాబిరంగు ట్యూబులైటు.
దారిన పోయే గొర్ల కాపరి తొంగిచూసి
"సారూ, బడిల పెండ్లేమన్న ఉన్నదా?" అన్నడు.

హెడ్మాస్టరుది వేరే బాధ.
"బయట రెండెకరాల జాగ, నెత్తి మీద ఇంత సూర్యుడు,
లోపల సేద్యమేందయ్యా? బిల్లు ఎవల జేబుకెల్లి?"
ఒంటిపూట బడుల ఎండకు
గేటు కాడ నాటిన తులసి మొన్ననే మాడింది.
అయినా ఆయన అడిగింది తప్పు కాదు.
ఆ ప్రశ్నకే మాకు వారం పాఠం సరిపోయింది.

పాఠం పేరు సుస్థిరత.
ఏడో తరగతి పగిళ్ళ ఈశ్వర్
నోటుబుక్కుల "సుస్తీ రత" అని రాసిండు.
ఎర్రపెన్ను మూత తీసి, మళ్ళ పెట్టేసిన.
మర్రిగూడ దిక్కు
పండ్ల మీద గోధుమ చారలున్న పిల్లగాడు
నీళ్ళ పాఠంలో సుస్తీ అని రాస్తే
ఎట్ల దిద్దను?

ఐతగోని నిఖిత స్కేలు పెట్టి ట్రే నీళ్ళు కొలుస్తది.
కింది బకెట్లకు కారినవి
చేపల తొట్టి మోటారు మళ్ళ పైకెక్కిస్తది.
"సార్, ఇవే నీళ్ళు తిరిగి తిరిగి వస్తున్నయి గద,
మా బోరుల తోడినయి ఎందుకు వస్తలేవు?"

చాక్‌పీసు చేతిలోనే ఉన్నది.
వాళ్ళ బత్తాయి తోట నాకు తెలుసు.
ఆరు బోర్లు, ఐదింటి మీద బండరాళ్ళు.
చెట్లు కొట్టి ఇటుకబట్టీకి ట్రాక్టరెక్కించిన నాడు
ఈ పిల్ల బడికి రాలేదు.
హాజరుపట్టీల సున్న పెట్టింది నేనే.

ఇరవై రెండో నాడు కోసినం.
వంట మారెమ్మ దోసిట్ల పట్టి నవ్వింది:
"ఎనభై మందికి ఇదా?"
పప్పుల పడ్డాక ఎటు పోయిందో,
గరిటెకు ఆకు వస్తే వచ్చె, లేకుంటే లేదు.
ఈశ్వర్ మాత్రం తనకు దొరికిన రెబ్బను
పంక్తి పొడుగునా చూపించుకుంట తిరిగిండు.

నిఖిత తినకముందే లెక్క తెచ్చింది.
పోసినవి పద్నాలుగు లీటర్లు,
బకెట్ల మిగిలినవి ఐదు.
ఆకు తాగినయెన్ని, గాలి తాగినయెన్ని
తెలవక అక్కడ ప్రశ్నగుర్తు.

కాగితం మడిచి జేబుల పెట్టుకోబోతుంటే అన్నది,
"రెండు రాసిన సార్.
ఒకటి మా నాయినకు."