కుదుపు

అగ్గిపెట్టెకి పెద్దన్నల్లా రెండు కెమెరాలు
గాజుబల్ల మీద పెట్టాడు బిపిన్ పాఢి,
సెమిలిగూడ బస్టాండు ఎదురు కొట్లో.
నల్లది పద్నాలుగు వేలు, బూడిదరంగుది ఇరవై ఆరు.
"రెండూ నీళ్లలో పడినా బతుకుతాయి" అన్నాడు.
నేను నీళ్లలో పడే ఉద్దేశంతో రాలేదు.

మొన్న సుంకి చెక్‌పోస్టు దిగువన
వెనక్కి జారి నా బంపరు నొక్కిన లారీవాడు
తప్పు నాదేనని నలుగురిని పోగేశాడు.
అల్లం బస్తాలు సాక్ష్యం చెప్పవు కదా.
అద్దానికో కన్ను అతికించమన్నాడు ఓనరు.
డబ్బు చెరి సగమట,
కన్ను మాత్రం మొత్తం తనదట.

నల్లది సాలూరు వెళ్లేదాకా మెలకువగా ఉంటుంది.
బూడిదరంగుది గంటంపావుకే నీరసపడుతుంది
కానీ దానికో విద్య వచ్చు:
కుదుపు మింగేస్తుంది.

నమ్మకపోతే నువ్వే చూడమని
రెండింటినీ అద్దానికి పక్కపక్కనే బిగించాడు పాఢి.
ఘాటీ దిగి ఎక్కి రా, డబ్బు తర్వాత, అన్నాడు.
నా ఆధార్ కార్డు మాత్రం సొరుగులో వేసుకున్నాడు.
క్లీనరు లైఖన్ దారిపొడుగునా
రెండు కళ్లకీ వేరువేరుగా వెక్కిరింతలు పెట్టాడు.

రాత్రి ఫోనులో వేసి చూశాను.
నల్లదాంట్లో
పొట్టంగి దాటగానే ఆకాశం ఎగిరిపడింది,
నీలగిరి చెట్లు నెత్తులు బాదుకున్నాయి,
అద్దం ముందు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ
ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.
ఔను, ఇదే. ఇదే నా దారి.

బూడిదరంగుదాంట్లో
అదే దారి, నెయ్యి జారినట్టు.
గోతులన్నీ ఎవరో రాత్రికి రాత్రి పూడ్చేసినట్టు.
కాంట్రాక్టరు చూస్తే బిల్లు పెట్టుకుంటాడు.
పదిహేడేళ్లుగా నా నడుములో పేరుకున్నదంతా
అందులో ఎక్కడా లేదు.
ఒళ్లు మండింది నాకు. నల్లదే ఖాయం అనుకున్నాను.

దాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది
చేతికంటిన పిండి కొంగుకి తుడుచుకుంటూ.

మక్కువ నుంచి పెళ్లయి ఈ కొండెక్కిన రోజున
ముక్కు దగ్గర నిమ్మకాయ, ఒళ్లో కవరు,
మొహం మీద తువ్వాలు.
తర్వాత పుట్టింటికి దిగిన ప్రతిసారీ అంతే.
ఘాటీ అంటే ఆమెకి
కళ్లు మూసుకుని లెక్కపెట్టే మలుపులు.
పదకొండు దాకా ఎప్పుడూ వెళ్లలేదు లెక్క.

నల్లది చూపించాను ముందు.
మూడో మలుపుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఆపమంటుందనుకున్నాను.
ఆపమనలేదు.
"రోజూ ఇలాగేనేటి?" అంది, ఫోను కేసి కాదు, నా కేసి చూసి.
ఏటో అన్నాను. వినబడలేదు ఆమెకి.

తర్వాత రెండోది.
మాటాడలేదు చాలాసేపు.
మెల్లగా ముందుకి వంగింది,
కిటికీలోంచి తల బయటపెట్టినట్టు.
లోయ నిండా వలిసె పూలు పచ్చగా,
వాటి అవతల ఒక పల్లె, పొగ,
ఎవరో మేకల్ని తోలుతున్న ఎర్రచీర.
"ఇంతుందా ఇక్కడ?
ఇదంతా పక్కన పెట్టుకుని
నానింతకాలం కవర్లోకి చూసినానా?"

ఏది నిజమైన దారో నేను తేల్చలేకపోయాను.
ఇద్దరం చూసిందీ ఒకే అద్దంలోంచే.
రెండింటికీ డబ్బుల్లేవు,
అదొక్కటే తేలింది.

పడుకునే ముందు అడగకుండానే
వేడి ఆవనూనె గిన్నె పట్టుకొచ్చింది.
వెన్ను మీద వేళ్లు ఒక్కోచోట ఆగుతున్నాయి,
చెక్‌పోస్టు దగ్గరొకసారి,
విరిగిన కల్వర్టు దగ్గరొకసారి.

పొద్దున్న వేను స్టార్టు చేస్తుంటే
తలుపు పట్టుకుని నిలబడింది.
"ఆ ఎర్రచీర కనపడే మలుపు కాడ
కొంచెం నెమ్మదిగా పో.
నాను సూడాల."