నాలుగో దగ్గు

పీచు మిల్లు వెనక, ఎండబోసిన కొబ్బరి పీచు గుట్టల మధ్య
మూరెడు దూరంలో ఫోను పట్టుకుని
"మూడుసార్లు దగ్గండి రత్నంగారూ" అన్నాను.
అడిగితే వచ్చే దగ్గు కాదది.
వచ్చాక ఆగమంటే ఆగేదీ కాదు.

తెర మీద పచ్చ గీత లేచి పడింది,
లాకులెత్తినప్పుడు కాలవలో నీళ్లలా.
"చుట్టూ చప్పుడు ఎక్కువ. మళ్లీ తీయండి" అంది ఫోను.
చప్పుడంటే ఏముంది,
మిల్లు పళ్లచక్రం, రేవులో పంటువాడి కేక,
డొక్కలు దింపుతున్న ట్రాక్టరు,
గట్టు మీద బాతుల మంద.
రెండోసారి అందరం ఊపిరి బిగబట్టాం.
బాతులు బిగబట్టలేదు.

అంగీకార పత్రం చదివి వినిపించాను.
నూకరత్నం అంతా విని, వేలిముద్ర వేయబోతూ
"నా దగ్గు ఎక్కడికెళ్తదండీ?" అంది.
బెంగుళూరు అన్నాను. అక్కడో యంత్రం
వేల దగ్గులు వింటూ ఏది క్షయో ఏది కాదో
పోల్చుకోవడం నేర్చుకుంటోందని చెప్పాను.
"నేను రావులపాలెం దాటి ఎరగను.
ఇది మాత్రం బస్సు చార్జీ లేకుండా పోతందన్నమాట, ఆయ్!"
నవ్వింది. నవ్వు మధ్యలో నాలుగో దగ్గు.
అప్పటికే రికార్డింగు ఆపేశాను.

వారానికి, శుభ్రం చేసిన శబ్దం తిరిగొచ్చింది, సరిచూడమని.
చెవులకు పెట్టుకుని విన్నాను.
మిల్లు లేదు. పంటు లేదు. బాతుల్ని ఎవరో
ఒక్కొక్కటిగా ఏరేశారు, బియ్యంలో రాళ్లలా.
ఊరంతా ఊడ్చేశాక మిగిలిన దగ్గు
ఏ గదిలోనో గోడవైపు తిరిగి దగ్గుతోంది.
నెంబరు నాలుగొందల పదిహేడు.
పక్కన యంత్రం మాట: అనుమానం తక్కువ.

తప్పు పట్టను. పసిది, ఇంకా నేర్చుకుంటోంది.
పీచు దుమ్ము దాని ముక్కుకెన్నడూ తగల్లేదు,
దానికి ముక్కే లేదు.
"ఇతర వివరాలు" అన్న గడిలో రాయబోయాను:
పదకొండేళ్లుగా పీచు పని. రాత్రుళ్లు చెమటలు.
కిందటేటి జాకెట్టుకి ఈ ఏడు పిన్నీసు.
గడి తెలుగు తీసుకోలేదు.
ఇంగ్లీషులో కొడితే చెమటల దగ్గరే నిండిపోయింది.
పిన్నీసుకి చోటు చాల్లేదు.

ఆ నాలుగోది ఏ లెక్కలోనూ లేదు.
విన్నది నేనూ, బాతులూ.

ఇవాళ మంచు విడవకముందే వెళ్లి
కళ్లె డబ్బీ చేతికిచ్చాను.
దడి చాటుకెళ్లి తెచ్చి, పైట కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.
అమలాపురం పెద్దాసుపత్రికి పోతున్నాను.
పంటు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని
మూత బిగించానో లేదో
మూడుసార్లు చూసుకున్నాను.