పదకొండు రోజుల బాకీ

అమ్మకానికి పనికిరాని పలక అది.
ఒక మూల పెచ్చు లేచిపోయింది.
చట్రం బిగించకముందే మేస్త్రీ పక్కకు విసిరేస్తే
మా జేజి కాశింబీ ఒడిలో వేసుకొచ్చింది.

బలపం కాదు, మేకుతో గీసేది.
బలపం గీత ఉమ్మి తగిలితే పోద్ది,
నెలవంక అట్లా పోగూడదనేది.

మార్కాపురం గనుల్లో రాయి పుస్తకంలా ఉంటుంది.
సందులో ఉలి పెట్టి మెల్లగా తడితే
ఆకు ఆకుగా విడిపోతుంది.
ఏ ఆకు మీదా రాత లేదు.
"రాసేవాళ్ళు అప్పటికింకా పుట్టలా,
చుక్కలు మాత్రం ఉండె"
అనేది జేజి, చెమట తుడుచుకుంటూ,
తను అక్కడుండి చూసినట్టు.

పలక ముందువైపు రెండు వరసలు.
పైన చంద్రుడిది: పన్నెండు నెలవంకలు, అక్కడితో సరి.
కింద పొద్దుది: అశ్వని నుంచి రేవతి దాకా
ఇరవయ్యేడు కార్తెలు, ఇరవయ్యేడు గాట్లు.
పై వరస ఎప్పుడూ కురచ.
ఆ కురచైన చోట పదకొండు చుక్కలు పెట్టి
"బాకీ" అనేది.
ఎవరు ఎవరికి బాకీయో చెప్పేది కాదు.

చెన్నకేశవుడి వీధిలో పంతులు
ఆ బాకీ కుప్పపడే దాకా ఆగి
మూడేళ్ళకోసారి అధిక మాసం వేసి తీరుస్తాడు.
మేం తీర్చం.
మా రంజాను వానలోంచి ఎండలోకి, ఎండలోంచి చలిలోకి
మేత వెతుక్కునే మేకలా వెనక్కి నడుస్తూ పోతుంది.

కార్తెలు కదలవు.
అందుకే వెలుగొండయ్య
కంది విత్తనాల మూట మా అరుగు మీద దించి
"బీబమ్మా, మృగశిరకు ఇంకెన్నాళ్ళు?" అనేవాడు.
గుళ్ళో అడగొచ్చు కదా అంటే
పంతులు తిథి చెప్తాడు, వాన చెప్పడు అనేవాడు.
జేజీ వాన చెప్పలేదు. రోజులే చెప్పింది.
ఉత్తర చూసి గంప ఎత్తిన ఏడు
ఆయన అడగడానికి రాలేదు.

ఏడో తరగతిలో సారు చెప్పాడు:
బాబిలోను వాళ్ళు మట్టి పలకల మీద
శుక్రుడు ఎన్నాళ్ళు కనబడ్డాడో, ఎన్నాళ్ళు దాక్కున్నాడో
రాసి పెట్టుకున్నారని,
నైలు ఒడ్డున తెల్లారకముందు ఒక చుక్క మొలిస్తే
అది వరద కబురని.
ఇంటికొచ్చి చెప్పాను.
వేగుచుక్కను మట్టిలో రాశారా, అని
చాలాసేపు ఊరుకుంది.
"వాళ్ళకూ పనికి పొయ్యే యాళయిందా లేదా అని
తలుపు తీసి చూసే ఆడోళ్ళు ఉంటార్లే" అనింది.

పలక తిప్పితే వెనకవైపు చుక్కలే.
ఏటికొక వరస, వరసకు పదకొండు.

మొదటి వరస, పెళ్ళయి వచ్చిన ఏడు.
రోహిణి కార్తెలో రోజాలు పడ్డాయి.
గనిలో రాయి పెనమైంది.
నీళ్ళ కుండ చుట్టూ అందరూ చేరితే
తను మాత్రం ఉలి వైపు తిరిగి కూర్చుంది.

చివరి వరస, ముప్పైమూడేళ్ళకు.
రంజాను అన్ని కాలాల గడపలూ తొక్కి
మళ్ళీ రోహిణిలోకి వచ్చింది.
ఇఫ్తారు గిన్నె పక్కన పలక పెట్టుకుని
వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేసింది.
"పొద్దు లెక్కన నేనొచ్చి ముప్పైమూడు.
చంద్రుడి లెక్కన ముప్పైనాలుగు.
ఆ ఒక్క ఏడాది యాడ బతికానో
ఎతుకుతా ఉండా."
ఖర్జూరం గింజ చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా గనిలో పచ్చటి నీళ్ళు నిలిచాయి.
నెల ఎప్పుడు కనిపిస్తుందో
ఫోను ముందే చెప్పేస్తుంది.
అయినా షాబాను చివరి సాయంత్రం మిద్దె ఎక్కాను,
మబ్బు పట్టి ఉంది, దిగొచ్చాను.

పలక తీసి కొత్త వరస మొదలుపెట్టాను.
పది చుక్కలు పడ్డాయి.
పదకొండోది పెట్టబోతే మేకు జారి
అరచేతంత పెచ్చు లేచింది.

కింద ఇంకో ఆకు.
నల్లగా, నున్నగా,
ఏ రాతా లేకుండా.