మెరవని సీసా

ఎర్మోసీయోలో జూన్ నెల.
కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది.
నికానోర్ కొట్లోకొచ్చి ఒకటే మాట:
"బాగా మెరిసేది ఇవ్వు, యాదీరా."

మెరిసేది ఉంది. సిలికాన్ నూనె.
రాసిన పూట డాష్‌బోర్డు పెళ్లికొడుకే,
పగుళ్లు కూడా కనబడవు.
మర్నాటికి ఎడారి దుమ్మంతా
చుట్టరికం కలుపుకుని వచ్చి కూర్చుంటుంది.
సాయంత్రం పడమటికి తోలుతుంటే
ముందద్దంలో రెండో సూర్యుడు.

ఇదిగో, ఇది నీళ్ల మందు. మెరవదు.
ముందు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు,
సీటు కుట్లలోకి అరిగిన టూత్‌బ్రష్షు,
ఆరాక గుడ్డతో పల్చగా, అంతే.
ఎండకి గొడుగు పట్టినట్టే,
గొడుగు మాత్రం కనిపించదు.
స్టీరింగుకి ఏదీ రాయకు. జారుతుంది.

అంతా విన్నాడు.
కౌంటరు మీద ఎండిన జిగురుని
బొటనవేలి గోరుతో గీకుతూ విన్నాడు.
"పందొమ్మిదేళ్ల టాక్సీ. రేపు అమ్మేస్తున్నా.
ఒక్క పూట మెరిస్తే చాలు."

ఇక నేనేం చెప్పను?
మెరిసేదే ఇచ్చాను.
చిల్లర లెక్క చూసుకోకుండానే వెళ్లాడు.

బయట ఎండలో కాసేపు నిలబడ్డాడు,
టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని.
తిరిగొచ్చాడు.

"ఆ రెండోది కూడా ఇవ్వు."

దేనికంటే నావైపు చూడలేదు.
"కొనేవాడు కుర్రాడు.
సీటు కింద పెడతాను.
ఎలా వాడాలో ఓ చీటీ రాసివ్వు,
నీ దస్తూరీ బావుంటుంది.
స్టీరింగు సంగతి
అన్నిటికన్నా ముందు రాయి."